సగం గది ధర

మూడు కాగితాలను బల్ల మీద పక్కపక్కన పరిచాను. మూడింటి మీదా ఒకే ఓడ పేరు. ఒకే తేదీ, అంటే ఇవాళ, గురువారం. ఒకే అంతస్తు, ఏడోది. ఒకే రకం గది, సముద్రం వైపు కిటికీ ఉన్నది. ఆ కాగితాలు ఇచ్చిన ట్రావెల్ ఏజెంట్లు మాత్రం ముగ్గురు. మొదటి కాగితం మీద తొంభై ఆరు వేలు. రెండో దాని మీద తొంభై ఒకటి. మూడో దాని మీద నలభై ఏడు.

గోడ గడియారంలో పదకొండూ ఇరవై అయింది. ఓడ నిచ్చెన నాలుగింటికి తీసేస్తారు.

"నలభై ఏడే ఎందుకక్కా?" అంది ఎదురుగా కూర్చున్నావిడ. చీరకొంగు వేలికి చుడుతోంది, విప్పుతోంది. "ఓడ పాతదా? కన్నం ఏమైనా పడిందా?"

ఆవిడ చిట్టికి పిన్ని. తల్లి పోయాక ఆరో ఏటి నుంచి పెంచింది ఈవిడే. చిట్టి వీధి మూల మందుల షాపులో పని చేస్తుంది. నేను మూడు వారాలుగా తవ్వుతున్న కేసు మొత్తం ఆ పిల్ల నోటి మీదే నిలబడి ఉంది.

గడియారాలు బాగుచేసే తాతగారు ఒకాయన తన ఇంట్లో నిద్రలోనే పోయారు. ఫ్లాస్కులోని టీలో నిద్రమాత్రలు దొరికాయి. పోలీసులు మేనల్లుణ్ణి పట్టుకున్నారు. ఆ మేనల్లుడి తల్లి నన్ను డిటెక్టివుగా పెట్టుకుంది. తాతగారిని పద్నాలుగు నెలలు చూసుకున్న ఆయా, తాను ఎన్నడూ మందుల షాపు గడప తొక్కలేదని చెప్పి, పదో రోజుకల్లా ఊళ్లో లేకుండా పోయింది. ఆ ఆయా మూడుసార్లు తన దగ్గరే ఆ మాత్రలు కొన్నదని చిట్టి చెబుతోంది. ఆ మాట సోమవారం కోర్టులో చెప్పాలి. ఈలోగా నిద్ర పట్టడం లేదు, నాలుగు రోజులు సముద్రం మీద తిరిగి ఆదివారం సాయంత్రానికి వచ్చేస్తానని చీటీ రాసి, తను ధరలు కనుక్కున్న ఈ మూడు కాగితాల పక్కన పెట్టి, పొద్దున్న తొమ్మిదింటికి ఇల్లు కదిలింది. అప్పటినుంచి ఫోను ఆపేసి ఉంది.

ఫోను ఆపేసి ఉందంటే నాకు ఒకటే తోస్తుంది. నా సొంత కూతురు పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ఆసుపత్రుల నంబర్లు వెతికే మనిషిని నేను. ఈ పనిలోకి వచ్చాక తెలిసింది, నా భయాల్లో నూటికి తొంభై ఉత్తవేనని. మిగతా పదింటి వల్లే నాకు ఇల్లు గడుస్తోంది.

"ఓడకు కన్నం లేదు," అన్నాను. "ధరకే ఉంది. లేవండి, వెళ్లి ఆ ఏజెంట్లనే అడుగుదాం."

* * *

తొంభై ఆరు వేలు చెప్పిన ఏజెంటు యాభై దాటిన ఆవిడ. మేం వెళ్లేసరికి పన్నెండూ పది. ఒక చెవికి ఫోను, రెండో చేతిలో పెన్ను. మేం పరిచిన కాగితాలు చూసి ఫోను పెట్టేసింది.

"నా ధరే ఎక్కువని దెబ్బలాడ్డానికి వచ్చారా? రోజుకు నలుగురు వస్తారు."

"లేదమ్మా. ఒకే గదికి మూడు ధరలు ఎందుకు ఉంటాయో తెలుసుకుందామని."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. ఆ ప్రశ్న ఇంత మర్యాదగా ఎవరూ అడిగినట్టు లేదు.

"గది ధర ఓడ కంపెనీది. మాది కాదు. మాకు వచ్చేది కమీషను. అందులో కొంత వదులుకుంటే ధర తగ్గుతుంది. ఈ తొంభై ఒకటి ఇచ్చినాయన చేసింది అదే. కొత్తగా షాపు పెట్టాడు, మనుషులు రావాలి కదా. ఇంకొందరు ఏం చేస్తారంటే, రేవు పన్నులు, ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్పులు కలపకుండా చెప్తారు. కాగితం మీద తక్కువ కనిపిస్తుంది, ఓడ ఎక్కాక పిండుతారు."

మూడో కాగితం వెతికాను. "అన్నీ కలిపి" అని స్పష్టంగా ఉంది.

"అయితే అది కాదు. గది నంబరు ఇవ్వకుండా, ఏది మిగిలితే అది అని అమ్మితే కూడా తక్కువే."

"నంబరు ఇచ్చాడు. ఏడు వేల నూట పద్నాలుగు."

"అదీ కాదు. ఏడాది ముందు ఇరవై గదులు పాత ధరకు పట్టి ఉంచుకునేవాళ్లుంటారు. కానీ అమ్ముడుపోనివి నెల ముందే కంపెనీ వెనక్కి తీసేసుకుంటుంది. ఇది మొన్న మంగళవారం కొన్నది." ఆవిడ కళ్లద్దాలు పైకి తోసింది. "ఎంత వదులుకున్నా అయిదారు వేలు, మహా అయితే ఎనిమిది. సగానికి సగం తగ్గించాడంటే వాడు దేవుడన్నా కావాలి, దొంగన్నా కావాలి. మా వీధిలో దేవుళ్లు షాపులు పెట్టలేదు."

నాకు నవ్వు రాలేదు. సగానికి సగం అనే మాట చెవిలో ఆగిపోయింది.

"అమ్మా, ఈ తొంభై ఆరు వేలు ఒక మనిషికా, గదికా?"

"గదికే. ఓడ మీద గది ఎప్పుడూ ఇద్దరి లెక్కన ఉంటుంది. ఒక్కరే వెళ్లినా రెండో మంచం డబ్బు కూడా కట్టాల్సిందే. అందుకే ఒంటరిగా వెళ్లేవాళ్లు మమ్మల్ని తిట్టుకుంటారు." అని నా చేతిలో కాగితం తీసుకుని, పెదవులు కదుపుతూ లెక్క వేసింది. "నలభై ఏడు రెండ్లు తొంభై నాలుగు."

కాగితం నాకు తిరిగిచ్చేసింది. నేను పదో తరగతితో ఆపేసినదాన్ని, లెక్కల్లో అంతంతమాత్రం. అయినా ఈ లెక్క తెలియడానికి చదువు అక్కర్లేదు. ముగ్గురూ చెప్పింది దాదాపు ఒకే ధర. మూడో ఏజెంటు తగ్గించలేదు. చిట్టి కొన్నది సగం గది.

మిగతా సగం ఇంకెవరో కొన్నారు.

* * *

మూడో ఏజెంటు ఆఫీసు ఫోటోకాపీ షాపు మీద, మొదటి అంతస్తులో ఉంది. ఒంటిగంటా పదిహేనుకు అక్కడ ఉన్నాం. ఇరుకు గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, ప్రింటరు, కాగితాలకు ప్లాస్టిక్ పొర వేసే మెషీను, పేపరు కత్తిరించే కట్టర్, బల్ల కింద నిండి పొర్లుతున్న చెత్తబుట్ట. మనిషికి ముప్పై అయిదు ఉంటాయి. చొక్కా జేబులో మూడు పెన్నులు.

"రండి రండి," అంటూ లేచి ముందు పిన్నికే కుర్చీ లాగాడు. "కూర్చోండమ్మా. మెట్లెక్కితే మోకాలు పట్టేస్తుంది కదా మీకు."

పిన్ని కూర్చోలేదు. ఆవిడ మెట్లు చకచకా ఎక్కింది, మోకాలు గురించి ఒక్క మాట అనలేదు. ఆవిడ మోకాలి సంగతి ఈ మనిషికి ఎవరు చెప్పారు? అప్పటికి ఆ ప్రశ్న లోపలే పెట్టుకున్నాను.

"ఏడు వేల నూట పద్నాలుగో గది నలభై ఏడు వేలకు ఎలా ఇచ్చారు బాబూ?"

"ఆఫర్ మేడం."

"ఏం ఆఫర్?"

"ఆఖరి నిమిషం ఆఫర్."

"ఇచ్చింది కంపెనీయా, మీరా?"

"ఇద్దరం కలిసి."

"ఇద్దరూ కలిసి సగం వదులుకున్నారా? అయితే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోంది నాయనా?"

అతను నవ్వబోయి మానేశాడు. నేను కుర్చీ వెనక్కి జరిపి, బల్ల పక్కకు వంగాను. కట్టర్ కింద సన్నటి కాగితపు పట్టీలు పడి ఉన్నాయి. బుట్టలో ఇంకా ఉన్నాయి. తెల్లవి కొన్ని, లేత నీలివి కొన్ని.

"ఇవేంటి?"

"పెట్టెలకు కట్టే చీటీలు మేడం. పేరు, గది నంబరు ప్రింటు తీసి, అంచులు కత్తిరించి, ప్లాస్టిక్ వేసి ఇస్తాం. మనిషికి రెండు."

"ఈ బుట్ట ఎప్పుడు ఖాళీ చేశారు?"

"ఆదివారం అనుకుంటా."

బద్ధకస్తుల వల్ల లోకానికి ఎంత మేలో చెప్పలేను. బుట్ట బల్ల మీద బోర్లించాను. అతను "అయ్యో మేడం" అంటూనే ఉన్నాడు. ప్రింటరు ప్రతి కాగితం అడుగున చిన్న అక్షరాలతో తేదీ, వేళ వేస్తుంది. చీటీలు కత్తిరించినప్పుడు ఆ అంచే తెగి కింద పడుతుంది. ఒక్కో పట్టీ విప్పి చూస్తూ పోయాను. పిన్ని నా భుజం మీదుగా చూస్తోంది. ఆవిడ ఊపిరి నా చెవికి తగులుతోంది.

తెల్ల పట్టీ: గది 7114, ప్రయాణికులు 1. మంగళవారం, ఉదయం తొమ్మిదీ యాభై రెండు.

నీలి పట్టీ: గది 7114, ప్రయాణికులు 2. మంగళవారం, ఉదయం పదీ ముప్పై ఒకటి.

రెండూ చిట్టి కాగితం పక్కన పెట్టాను. నలభై ఏడు వేలని రాసిన ఆ కాగితం అడుగున పదీ ఇరవై అని ఉంది.

"మిగతా రెండు కాగితాలూ సోమవారం ఇచ్చినవి. ఆ రోజు మీరు ఈ అమ్మాయికి ఎంత చెప్పారు?"

"తొంభై నాలుగు." గొంతు తగ్గింది.

"ఎక్కువని మానుకుంది. మంగళవారం తొమ్మిదీ యాభై రెండుకు ఇంకొకరు ఆ గదిలో మొదటి మంచం కొన్నారు. పదీ ఇరవైకి మీరు చిట్టికి ఫోను చేసి సగం ధర చెప్పారు. గదిలో ఇంకో మనిషి ఉంటుందని ఎందుకు చెప్పలేదు?"

అతను నన్ను చూడలేదు. పిన్నిని చూశాడు. చెప్పమంటారా అని అడిగే చూపు అది.

నాకు అంతా ఒక్కసారే అర్థమైంది. అర్థమైనందుకు మొదటిసారి బాధ వేసింది.

"సోమవారం సాయంత్రం మీరు ఇక్కడికి వచ్చారు," అన్నాను పిన్నితో. "మోకాలు నొప్పని ఆ కుర్చీలోనే కూర్చున్నారు."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోపం తెచ్చుకుంది.

"వచ్చాను. వస్తే ఏం? ఆడపిల్ల ఒక్కతే అంత నీళ్ల మధ్య నాలుగు రోజులు! ఇంట్లోనే తలుపు గడియ వేసుకోవడం మర్చిపోతుంది అది. జ్వరం వస్తే మంచినీళ్లు ఇచ్చే దిక్కుండదు. ఎవరైనా పెద్దావిడ ఆ ఓడకే వస్తుంటే మా పిల్ల గదిలో వెయ్యి బాబూ అని అడిగాను. దానితో చెప్పకు, నా మీద గంతులేస్తుంది అన్నాను. అది తప్పా? నువ్వైతే అడగవా అక్కా?"

"అడుగుతాను," అన్నాను.

అబద్ధం కాదు. నేనైతే సోమవారం సాయంత్రం దాకా కూడా ఆగను.

"ఈవిడ మంచి మాటలే చెప్పారమ్మా," అని ఏజెంటు అందుకున్నాడు. "పిల్ల బంగారం, మూల మీద మందుల షాపులో పని అని. నేను కిందకు దిగి గాజు తలుపు మీద చీటీ అంటించాను. గురువారం ఓడలో మందుల షాపు అమ్మాయికి తోడు కావలెను, మహిళలు మాత్రమే, ఖర్చు సగం. మర్నాడు నేను తలుపు తియ్యకముందే, తొమ్మిదిన్నరకు, ఒకావిడ మెట్ల మీద నిలబడి ఉంది. తన వంతు మొత్తం అక్కడికక్కడే కట్టేసింది. నాకు ఇద్దరి కమీషను. మీ అమ్మాయికి సగం ధర. పిన్నిగారికి తోడు. ఇందులో ఎవరికి నష్టం?"

అతను నిజంగానే అడుగుతున్నాడు. ఆ ముఖంలో మోసం లేదు. ఆలోచన కూడా లేదు.

అప్పుడు పిన్ని ఫోను మోగింది. ఒకటీ ముప్పై అయిదు.

"పిన్నీ! గది ఫోటో పంపాను చూశావా?" చిట్టి గొంతు గది అంతా వినిపిస్తోంది. "కిటికీలోంచి అంతా నీళ్లే! పొద్దున్న నువ్వు ఆపుతావని ఫోను ఆపేశాను, తిట్టకు. ఒకటే తమాషా, రెండో మంచం మీద ఎవరిదో పెట్టె పెట్టారు. మార్చమని చెప్పాలి."

నేను ఫోను లాక్కున్నాను. "చిట్టీ, నేను. ఆ పెట్టె మనిషి వచ్చిందా?"

"లేదాంటీ. ఇంకా ఎవరూ రాలేదు. ఏమైంది?"

"నీ చేతిసంచి తీసుకో. గది బయటికి రా. అందరూ కూర్చునే పెద్ద హాలుంటుంది కదా, అక్కడ పిల్లలున్న కుటుంబం ఏదైనా చూసుకుని వాళ్ల పక్కన కూర్చో. నేను వచ్చేదాకా గదిలోకి వెళ్లకు. ఎవరు పిలిచినా సరే."

"ఆంటీ, మీరు కూడా పిన్నిలాగే..."

"పిన్నిలాగే. లే."

కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు, తర్వాత చాలామంది గొంతులు వినిపించాయి. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. పదిమంది మధ్య ఉన్న మనిషిని ఎవరూ ఏమీ చెయ్యలేరు.

* * *

ఒకటీ యాభైకి మెట్ల మీద బూట్ల చప్పుడైంది. తాతగారి కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్. మేనల్లుడే హంతకుడని మొదటి రోజే తేల్చి, ఆ మాట మీద మూడు వారాలుగా కూర్చున్న మనిషి. నన్ను చూడగానే టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"డిటెక్టివమ్మగారు నాకంటే ముందే వేంచేశారు. పర్వాలేదు, పిల్ల ఓడ సంగతి మందుల షాపులో చెప్పారు, మీరు ఇటు వచ్చిన సంగతి ఆ ఏజెంటమ్మ చెప్పింది. నాకూ లెక్కలు వచ్చు. గది తొంభై నాలుగు, పిల్ల కట్టింది నలభై ఏడు. మిగతా సగం కట్టింది మీ పార్టీయే కదా?"

"మా పార్టీయా?"

"మేనల్లుడి తల్లి. ఆయా మాత్రలు కొన్నదని పిల్ల చేత అబద్ధం చెప్పించారు. సోమవారం కోర్టులో అడ్డప్రశ్నలు వేస్తే నిలబడదని ఓడ ఎక్కించేశారు. విహారయాత్ర సగం ధరకే. బాగుంది బహుమానం."

"అబద్ధం చెప్పించినవాళ్లు అది కోర్టులో చెప్పకముందే ఎందుకు పంపేస్తారు? ఆ మాట పలక్కపోతే మేనల్లుడికే కదా దెబ్బ?"

"ఆ సంగతి ఆ పిల్లనే అడుగుతాను." అతను అప్పటికే ఫోను తీశాడు. "రేవు స్టేషనా? నేనే. ఆ మందుల షాపు అమ్మాయి ఓడ ఎక్కింది. ఏడో అంతస్తు, నూట పద్నాలుగు. పట్టుకుని గదిలో పెట్టండి. ఫోను తీసేసుకోండి. బయట నుంచి తాళం వేసి మనిషిని కాపలా ఉంచండి, నేను వచ్చేదాకా."

"గదిలో వద్దు!" అని అరిచాను. "స్టేషనుకు తీసుకెళ్లమనండి. రేవులో బల్ల మీద కూర్చోబెట్టమనండి. బేడీలే వెయ్యమనండి, నాకు అభ్యంతరం లేదు. ఆ గదిలో మాత్రం వద్దు!"

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"మూడు వేలమంది ఎక్కే ఓడ. జనంలో నడిపిస్తే జారుకుంటుంది. గదిలో తాళం పడితే ఎక్కడికీ పోదు. అమ్మా, మీకు ప్రతి తలుపు వెనకా హంతకుడే కనిపిస్తాడు. పోయిన నెల పాలవాణ్ణి కూడా అనుమానించారట."

"అనుమానించాను. ఆ గదిలో రెండో మనిషి ఉంది ఇన్‌స్పెక్టర్ గారూ."

"ఎవరో పెద్దావిడ. ఈయన చీటీ పెట్టాడు, ఆవిడ వచ్చింది. కింద అతికించిన కాగితం నేనూ చదివాను. సగం ధరంటే ఎవరికి చేదు?"

అదే నన్ను తొలుస్తున్న మాట. నిజమే, సగం ధర ఎవరికైనా కావాలి. బేరాలు వెతుక్కునే ముసలమ్మ ఎవరైనా కావచ్చు. నా భయాల్లో తొంభై ఉత్తవే. కానీ ఆ చీటీలో ధర ఒకటే లేదు. మందుల షాపు అమ్మాయి అని కూడా ఉంది. ధర కోసం వచ్చిన మనిషి ముందు ధర అడుగుతుంది.

ఏజెంటు వైపు తిరిగాను.

"ఆవిడ లోపలికి రాగానే మొదట ఏమడిగింది? సరిగ్గా గుర్తు తెచ్చుకోండి."

"మొదటా..." అతను పెన్నులు సర్దుకున్నాడు. "కళ్లద్దాలు పెట్టుకునే అమ్మాయేనా అని అడిగింది. అవునన్నాను. తెలుసా అంటే, చూశాను, మంచి పిల్ల అంది."

"తర్వాత?"

"మొదటి పేరు తనది పెట్టమంది. మొదటి పేరు మారదు మేడం, రెండోదైతే మార్చుకోవచ్చు. ఆ పిల్ల మానుకుంటే ఏం చేస్తారు అని కూడా అడిగింది. మానుకోదు, సగం ధర కదా అన్నాను."

"ధర ఎప్పుడడిగింది?"

అతని చెయ్యి జేబు మీదే ఆగిపోయింది. "అడగలేదు మేడం. నేనే చెప్పాను. ఎంతైతే అంత అంది."

ఇన్‌స్పెక్టర్ టోపీ చంకలోంచి తీసి చేతిలోకి మార్చుకున్నాడు.

"చూడ్డానికి ఎలా ఉంటుంది?" ఈసారి అడిగింది అతనే.

"మామూలుగా సార్. యాభై ఉంటాయి. బూడిదరంగు స్వెటరు. ఎక్కడైనా చూస్తే మళ్లీ గుర్తుపట్టలేనట్టు ఉంటుంది."

ఆయా ఫోటో ఎవరి దగ్గరా లేదు. పద్నాలుగు నెలల్లో ఒక్క ఫోటోకు నిలబడలేదు. పేరు చెప్పమంటే ఏజెంటు ఏదో పేరు చెప్పాడు. అలాంటి పేరు గలవాళ్లు ఈ వీధిలోనే నలుగురుంటారు. చిరునామా కూడా ఉత్తదేనని ఇన్‌స్పెక్టరే చదివి తేల్చాడు, ఆ నంబరు ఇల్లు పడగొట్టి రెండేళ్లయిందట.

"ఆవిడ తన చేత్తో నింపిన ఫారం ఏదైనా ఉందా?" అన్నాను.

"ఒకటి ఉంటుంది. ఆరోగ్యం సంగతులు రాసేది. అసలుది ఓడకు పోతుంది, కాపీ నా దగ్గర."

అది వెతకడానికి పదిహేను నిమిషాలు పట్టింది. సొరుగులు లాగాడు, కట్టలు విప్పాడు, ఏవేవో తిట్టుకున్నాడు. పిన్ని కిటికీ దగ్గర నిలబడి చిట్టికి ఫోను కలుపుతూనే ఉంది. మోగుతోంది, ఎత్తడం లేదు. తర్వాత మోగడమూ ఆగిపోయింది.

"తీసేసుకున్నారు," అంది నెమ్మదిగా. "నేనే కదక్కా, తోడు కావాలన్నది."

ఏమని చెప్పను? మీది భయమమ్మా, ప్రేమలోంచి వచ్చిన భయం అంటే బాగానే ఉంటుంది. కానీ ఆ భయాన్ని గాజు తలుపు మీద అంటించి, వీధిలో పోయే ప్రతివాళ్లకూ చదివి వినిపించారు. ఆ మాట మనసులోనే ఉంచుకుని ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. రేపు నా కూతురు నాకు చెప్పకుండా బయలుదేరినా నేను చేసేది ఇదే. అందుకే ఆ చెయ్యి ఎక్కువసేపు ఉంచలేకపోయాను.

"దొరికింది సార్!"

రెండూ పదిహేను. ఫారం బల్ల మీద పెట్టాడు. గుండ్రటి అక్షరాలు, తీరిగ్గా రాసినవి. గుండె జబ్బు: లేదు. షుగరు: లేదు. వాడే మందులు: ఏవీ లేవు. అన్నీ తడుముకోకుండా చెప్పిన అబద్ధాల్లా ఉన్నాయి. ఎక్కడా కొట్టివేత లేదు.

అట్టడుగు గడిలో, అత్యవసరమైతే ఎవరికి ఫోను చెయ్యాలి అన్నచోట, ఒక నంబరు ఉంది.

దాన్ని రెండుసార్లు చదివాను. మూడోసారి వేలు పెట్టి ఒక్కో అంకె చదివాను. పేరు మార్చుకోవచ్చు. ఊరు మార్చుకోవచ్చు. అవి ముందే ఆలోచించి పెట్టుకుని వచ్చింది. ఇలాంటి గడి ఒకటి ఉంటుందని మాత్రం ఊహించలేదు. ఎదురుగా ఏజెంటు చూస్తున్నాడు, చేతిలో పెన్ను ఉంది, పది అంకెలు కావాలి. అప్పుడు చేతికి ఏ నంబరు అలవాటో అదే రాసింది. పద్నాలుగు నెలలపాటు డాక్టరు చీటీల మీద, పాల పుస్తకం మీద, గ్యాస్ కాగితాల మీద రాసిన నంబరు. తాతగారింటి నంబరు. మూడు వారాలుగా నేను ఎన్నిసార్లు కలిపానో, ఖాళీ ఇంట్లో ఎన్నిసార్లు మోగిందో.

ఫారం తిప్పి ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాను. అతని ఫైలు మొదటి పేజీలో ఉన్న నంబరే అది.

అతను ఒక్క చూపే చూశాడు. టోపీ కింద పడింది, తీసుకోలేదు. ఫోను తీసి కలిపాడు. మేమంతా వినాలని స్పీకరు నొక్కాడు.

"ఆ పిల్ల ఎక్కడుంది?"

"గదిలోనే సార్," అంది అవతలి గొంతు, పని పూర్తి చేసిన హుషారుతో. "పెద్ద హాల్లో ఎవరో పిల్లలతో కూర్చుని ఉంది. రానని చాలా గొడవ చేసింది సార్. ఎవరో ఆంటీ వెళ్లొద్దందట. ఎత్తుకెళ్లినంత పని అయింది. మీరు చెప్పినట్టే లోపల పెట్టి తాళం వేశాం."

"ఒక్కతేనా?"

"లేదు సార్, ఆ గది ఆవిడ కూడా అప్పుడే వచ్చింది. చాలా నెమ్మదస్తురాలు. పిల్ల బెదిరిపోయింది పాపం, నేను కూర్చోబెడతాను, మీరు తాళం వేసుకోండి అని తనే లోపలికి వెళ్లింది."

పిన్ని కిటికీ ఊచ పట్టుకుంది.

"తలుపు తియ్యి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇప్పుడే తియ్యి!"

"తాళంచెవి కింద ఆఫీసులో ఉంది సార్, తెప్పిస్తాను. తొందరేమీ లేదు లెండి. ఆవిణ్ణి చూడగానే ఆ పిల్ల తలుపు తెగ బాదింది, పేరు పెట్టి ఏదో అరిచింది. ఇప్పుడు బాదడం ఆపేసింది సార్."

నేను ఫోనుకు దగ్గరగా వంగాను.

"ఆపి ఎంతసేపయింది బాబూ?"

అవతల గొంతులో హుషారు తగ్గింది. వేళ చూసుకున్నట్టున్నాడు.

"అయిదు నిమిషాలైంది మేడం."